మూడు వందల ఏళ్ల వైన్ దుకాణంలో ఒక పూట

ముప్పై నాలుగేళ్లు హైదరాబాద్ హోటళ్లలో బార్ కౌంటర్ వెనక నిలబడి పనిచేశాను. 1990లో గ్లాసులు తుడిచే పనికి చేరాను, 2024లో వైన్ కార్డు రాసే పని చిన్నవాళ్లకు అప్పగించి అల్వాల్‌లో ఇంటిపట్టున కూర్చున్నాను. మా బిడ్డ లండన్‌లో ఉద్యోగం చేస్తుంది. 2025 అక్టోబరులో నన్నూ వాళ్లమ్మనూ పిలిపించుకుంది. దిగిన మర్నాడే, “బాపూ, ముందు ఏం చూస్తవు? కోహినూరు చూస్తవా, పెద్ద గడియారం చూస్తవా?” అని అడిగింది.

“సెయింట్ జేమ్స్ స్ట్రీట్ మూడో నంబరు దుకాణం చూస్త” అన్నాను.

“దుకాణమా?” అంది. అవును, దుకాణమే. బెర్రీ బ్రదర్స్ అండ్ రడ్. వైన్ గురించి చదివిన ప్రతి పుస్తకంలో ఆ పేరు తగిలేది. హోటల్‌కి వచ్చిన ఇంగ్లీషు అతిథులు ఆ పేరు ఎత్తినప్పుడు వాళ్ల మొహంలో కనిపించే గౌరవం నాకు గుర్తుంది. పుల్లారెడ్డి నేతి మిఠాయి గురించి మనవాళ్లు పరాయి ఊళ్లో మాట్లాడుకుంటే ఎట్లుంటుందో, అట్లా.

గ్రీన్ పార్క్ స్టేషన్లో దిగి, పికడిల్లీ రోడ్డు దాటి, సెయింట్ జేమ్స్ స్ట్రీట్ వాలు వెంబడి కిందికి నడిస్తే చివర్లో రాజభవనం కనిపిస్తుంది. దానికి ఎదురుగా ఉంటుంది దుకాణం. ముదురు రంగు చెక్క, పాతకాలపు కిటికీలు. పైన వేలాడే గుర్తు చూసి మా ఆవిడ “ఇది కాఫీ మిషన్ కదా?” అంది. సరిగ్గా చెప్పింది. అది కాఫీ గింజలు మరపట్టే మిల్లు బొమ్మ. 1698లో భర్త పోయిన ఒకావిడ ఇక్కడ దుకాణం తెరిచింది. చరిత్రలో ఆమె ‘విడో బోర్న్’ అన్న పేరుతోనే మిగిలింది. అప్పట్లో లండన్‌లో కాఫీ క్లబ్బులకు మంచి గిరాకీ. వాటికి కాఫీ, కిరాణా సరుకులు అమ్మడం ఆమె వ్యాపారం. వైన్ తర్వాత వచ్చింది. కూతురు ఎలిజబెత్‌ను పెళ్లాడిన విలియం పికరింగ్ దుకాణాన్ని నిలబెట్టాడు. 1803లో పదహారేళ్ల జార్జ్ బెర్రీ పనిలో చేరాడు, 1810కల్లా అతని పేరు బోర్డు మీదికి ఎక్కింది. హ్యూ రడ్ 1920లో వచ్చాడు.

మన లెక్కలో చెప్పాలంటే, ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్న 11 ఏళ్లకు ఆవిడ దుకాణం తెరిచింది. ఆసఫ్‌జాహీలు ఇంకా రాలేదు. ఏడుగురు నిజాములు వచ్చారు, పోయారు. ఆ దుకాణం మాత్రం అదే గడప మీద ఉంది.

లోపల అడుగుపెట్టగానే కాళ్లకు తెలుస్తుంది, నేల చదునుగా లేదని. చెక్క పలకలు ఒక పక్కకు వాలి ఉన్నాయి. గోడలంతా ముదురు చెక్క. నా కళ్లు మాత్రం దేనిమీదా నిలవకుండా నేరుగా తక్కెడ మీదికి పోయాయి. దూలం పైనుంచి వేలాడుతున్న పెద్ద తక్కెడ. కాఫీ బస్తాలు తూచడానికి తెచ్చింది. 1765 నుంచి దాని మీద మనుషుల్ని కూర్చోబెట్టి తూచి, బరువులు పుస్తకంలో రాసుకుంటూ వచ్చారు. ఇళ్లల్లో బరువు చూసుకునే మిషన్లు లేని కాలం అది. సరుకుకు వచ్చిన పెద్దమనుషులు ఒకసారి తక్కెడ మీద కూర్చుని పోయేవాళ్లు. కవి బైరన్ 1806లో 88 కిలోల దాకా తూగితే, ఐదేళ్లకు 62 కిలోల దగ్గరికి దిగాడు. బ్రిటన్ ప్రధానమంత్రి పిట్, ఆగాఖాన్, ఇంకా ఎందరో. తోలు అట్టల పుస్తకాల్లో పేరు, తేదీ, బరువు వరసగా ఉంటాయి. పక్కన ఎక్కడో ఒకచోట “బూట్లతో” అనో “కోటు లేకుండా” అనో చిన్న మాట.

అక్కడ నేను ఎంతసేపు నిలబడ్డానో మా బిడ్డ చెప్తేగానీ తెలియలేదు. నాకు మా బాపు గుర్తొచ్చాడు.

మాది శామీర్‌పేట వైపు ద్రాక్ష తోట. నాలుగెకరాలు, అంతా అనాబ్-ఎ-షాహీ. ఆ పేరుకు రాజుల ద్రాక్ష అని అర్థం. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో హైదరాబాద్‌కు వచ్చి ఇక్కడి నేలకు అలవాటు పడిన రకం. పొడవాటి కాయ, పలుచటి తోలు, పండితే తేనె రంగు తిరుగుతుంది. రాతి కడీల మీద తీగలు పరిచిన పందిరి కింద మేం పెరిగాం. ఎండాకాలం మధ్యాహ్నం ఆ పందిరి కింద పడుకుంటే మీద గుత్తులు వేలాడుతుండేవి. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబరులో ఇంకొకటి. కోతలు ఫిబ్రవరిలో మొదలయ్యేవి. గంపల్లో ఆకు పరిచి గుత్తులు పేర్చి, బాపు రాత్రే బండి కట్టించేవాడు. మొజంజాహీ మార్కెట్ పండ్ల మార్కెట్‌గా ఉన్న రోజులవి. తర్వాత పండ్లు గడ్డిఅన్నారం వెళ్లాయి, ఇప్పుడు అక్కడ కూడా లేవు, బాటసింగారం పోయాయి.

మార్కెట్‌లో తూకం దగ్గర బాపు నోట మాట వచ్చేది కాదు. కమీషన్ కొట్టాయన కాటా మీద గంప పెట్టి, ముల్లు ఆగకముందే అంకె చెప్పేవాడు. తరుగు కింద ఇంత, ఆకు కింద ఇంత, చేతివాటం కింద ఇంకింత. ఇంటికొచ్చి బాపు దీపం ముందు కూర్చుని ఎర్ర గుడ్డ అట్ట చిట్టాలో రెండు లెక్కలూ రాసేవాడు. మా ఇంటి తక్కెడ చెప్పిందొకటి, వాళ్ల కాటా చెప్పిందొకటి. ఎన్నడూ రెండూ కలవలేదు. ఆ చిట్టా నా దగ్గర ఇప్పటికీ ఉంది. తోట లేదు. ఇప్పుడక్కడ ప్లాట్లు ఉన్నాయి.

అందుకే ఒక వ్యాపారి రెండున్నర వందల ఏళ్లుగా ఒకే తక్కెడ పెట్టుకుని, ఎవరు కూర్చున్నా ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడంటే నాకు అది వేడుక విషయంలా అనిపించలేదు. చెయ్యి పెట్టి దూలాన్ని తాకాను. మీ దుకాణంలో అన్నిటికన్నా విలువైనది ఇదేనా అని అక్కడ పనిచేసే ఒకాయన్ని అడిగాను. “పుస్తకాలు కూడా” అన్నాడాయన. తక్కెడా, చిట్టా. మా ఇంట్లోనూ అవే ఉండేవి.

గోడ మీద ఒక ఉత్తరం ఫ్రేము కట్టి ఉంది. టైటానిక్ మునిగినప్పుడు ఓడ కంపెనీ రాసింది. మీరు పంపిన 69 పెట్టెల సరుకు నష్టమైందని సమాచారం. పదిహేను వందల ప్రాణాలు పోయిన చోట 69 పెట్టెల సంగతి కూడా ఎవరో ఒక గుమాస్తా కూర్చుని రాయాల్సి వచ్చింది కదా అనిపించింది.

దుకాణం పక్కన సన్నటి దారి ఉంటుంది. చెక్క పలకల గోడల మధ్య నుంచి నడిస్తే పికరింగ్ ప్లేస్ అనే చిన్న ముంగిలి. లండన్‌లో ఇంతకన్నా చిన్న చౌకు లేదంటారు. టెక్సాస్ విడిగా ఒక దేశంగా ఉన్న రోజుల్లో, 1842 నుంచి 1845 దాకా, వాళ్ల రాయబారి కార్యాలయం ఇక్కడే ఉండేదని గోడ మీద పలక ఉంది. మా ఆవిడకు దుకాణం కన్నా ఈ ముంగిలే నచ్చింది. పాతబస్తీలో దేవిడీల లోపలి వాకిలి లాగుందని కాసేపు అక్కడే కూర్చుంది.

ఇక అసలు సంగతి. మా బిడ్డ నాకోసం నేలమాళిగలో వైన్ రుచి తరగతికి ముందే పేరు రాయించింది. ఊరికే దుకాణం చూసి రావడానికి డబ్బు కట్టక్కర్లేదు, తరగతులకు మాత్రం ముందుగా డబ్బు కట్టి చోటు తీసుకోవాలి. వెళ్లేవాళ్లు ఆ పని నెల ముందే చేసుకోండి.

ఒకప్పుడు పీపాల్లో వచ్చిన వైన్‌ని ఇలాంటి నేలమాళిగల్లోనే సీసాల్లోకి దించేవాళ్లు. ఇటుక కమాను కింద తల వంచి నడవాలి. ఒక గదికి నెపోలియన్ పేరు పెట్టారు. తర్వాత ఫ్రాన్స్ చక్రవర్తి అయిన మూడో నెపోలియన్ దేశం విడిచి లండన్‌లో తలదాచుకున్నప్పుడు ఇక్కడ రహస్య సమావేశాలు పెట్టుకునేవాడని దుకాణం వాళ్లు చెబుతారు. ఇప్పుడక్కడ పొడవాటి బల్లలు, తెల్లగుడ్డలు, మనిషికి ఐదారు గ్లాసులు.

మా బల్ల దగ్గర కొత్తగా పెళ్లయిన జంట ఒకటి, స్కాట్లాండ్ నుంచి వచ్చిన పెద్దాయన, ఇద్దరు స్నేహితురాళ్లు, నేను, మా బిడ్డ. పాఠం చెప్పే ఆవిడ ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్ పోసి, వాసన చూసి ఏం తోస్తే అది చెప్పండి అంది. అందరూ బ్లాక్‌కరెంట్ అన్నారు. ఆ మాట నేను ముప్పై ఏళ్లు అతిథులకు చెప్పాను. ఆ పండును ఎన్నడూ చెట్టు మీద చూడకుండా, కోసి నోట్లో వేసుకోకుండా, పుస్తకంలో ఉందని చెప్పాను. నా వంతు వచ్చినప్పుడు మాత్రం నోట్లోంచి నిజం వచ్చింది. “మా ఊళ్లో నేరేడు పండు అని ఉంటుంది. ఇది అదే” అన్నాను.

ఆవిడ ఆగి, వివరంగా చెప్పమంది. చెప్పాను. బాగా పండిన నేరేడు నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెంటనే నాలుక పట్టేసే ఒక గుణం, చివర్లో గింజ చుట్టూ చిన్న పులుపు. నాలుక ఊదారంగు తిరుగుతుంది, చిగుళ్లు ఎండినట్టవుతాయి. ఆ పట్టేసే గుణానికి మా భాషలో విడిగా ఒక మాట ఉంది, వగరు, అన్నాను. పచ్చి అరటికాయలో, తమలపాకులో వేసుకునే వక్కలో, కరక్కాయలో ఉండేది. ఉగాది పచ్చడికి మామిడికాయను ఆ రుచి కోసమే వేస్తాం. ఆరు రుచుల్లో అదొకటి. ఇంగ్లీషు పుస్తకాల్లో టానిన్ అని రెండు పేజీలు రాసిన విషయం మా పిల్లలకు ఐదేళ్లకే తెలుసు.

ఆవిడ నోటుపుస్తకంలో ‘వగరు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. నన్ను రెండుసార్లు పలకమంది. స్కాట్లాండ్ పెద్దాయన కూడా పలికాడు.

మన హోటళ్లలో పనిచేసే పిల్లలకు ఈ మాట చెప్పాలని అప్పుడే అనుకున్నాను. మీ నాలుకకు తెలియని పండు పేరు అతిథికి చెప్పకండి. క్యాబర్నే సావినాన్ అనే ద్రాక్ష రకంతో చేసిన వైన్‌లో ఉండే ఆ పచ్చి వాసన కూరమిరపకాయ తొడిమ తుంచినప్పుడు వచ్చేదే. కొంచెం వయసొచ్చిన పోర్ట్‌లో, అంటే పోర్చుగల్ తీపి వైన్‌లో, ఎండు ఖర్జూరం, అంజీర్ ఉంటాయి. మొజంజాహీ మార్కెట్‌లో డ్రైఫ్రూట్ దుకాణం ముందు నిలబడితే వచ్చే వాసన అది.

తరగతిలో ఇంకో సంగతి మాట్లాడుకున్నాం. మా బాపు పందిరి తోట మంచి ఏడాది ఎకరాకు పదిహేను, ఇరవై టన్నులు ఇచ్చేది. బోర్డోలో ఎకరాకు మూడు టన్నులంటే సరిపెట్టుకుంటారు. వాళ్ల కాయ బటాణీ అంత చిన్నది, తోలు మందం, గింజ పెద్దది. రంగు ఆ తోలులోనే ఉంది, వగరు తోలులోనూ గింజలోనూ ఉంటుంది. మా అనాబ్-ఎ-షాహీ నోరు తడుపుకోవడానికి పుట్టిన పండు, సీసాలో ఇరవై ఏళ్లు ఉండటానికి కాదు. చిన్నప్పుడు మా బాపు కాయ సైజు పెంచడానికి ఎంత పాటుపడ్డాడో, అదే పంటను చిన్నగా ఉంచడానికి బోర్డో రైతు అంతే పాటుపడుతున్నాడు.

ఈ దుకాణం వాళ్ల వ్యాపారంలో సగం అమ్మడం, సగం దాచడం. వైన్ పీపాలో ఉండగానే, కోతలైన మరుసటి వసంతంలోనే కొని డబ్బు కట్టేవాళ్లుంటారు. సీసాలు రావడానికి ఇంకా రెండేళ్లు పడుతుంది. వచ్చాక కూడా చాలామంది ఇంటికి తీసుకుపోరు. బేసింగ్‌స్టోక్ ఊళ్లో వీళ్ల గిడ్డంగిలో చల్లగా, చీకటిగా, ఖాతాదారు పేరుమీద పడుకోబెడతారు. అమ్ముకోవాలంటే ఆ గిడ్డంగిలో ఉన్నది ఉన్నట్టే ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారుస్తారు. బిడ్డ పుట్టిన ఏడాది పోర్ట్ కొని, బిడ్డ పెద్దయ్యాక తెరిచే ఆచారం ఇంగ్లీషు ఇళ్లల్లో ఉంది. అంటే ఈ రోజు డబ్బు తీసుకున్న వ్యాపారి ఇరవై ఏళ్ల తర్వాత కూడా అక్కడే ఉంటాడని నమ్మాలి.

మనకు ఇది కొత్త కాదు. బియ్యం దుకాణంలో “పాతవేనా?” అని అడగని తెలుగు ఇల్లు లేదు. ఏడాది పాత సోనామసూరికి ఒక ధర, రెండేళ్లదానికి ఇంకో ధర. గంజి తక్కువ, మెతుకు విడివిడి. ఆ బియ్యం పురుగు పట్టకుండా, తేమ తగలకుండా దాచినవాడికే మనం ఆ ఎక్కువ డబ్బు ఇచ్చేది. వైన్ వ్యాపారి కూడా అంతే. కాకపోతే వైన్‌కు శత్రువు ఎండ. పన్నెండు, పధ్నాలుగు డిగ్రీల దగ్గర అది నిద్రపోతుంది. మన మే నెల 42 డిగ్రీల్లో ఉడికిపోతుంది.

ఉడికిన వైన్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నేను పనిచేసిన ఒక హోటల్లో, పేరు అనవసరం, సీసాలను వంటింటి వెనక గోడకు ఆనించి పెట్టేవాళ్లు. వద్దని చెప్పాను, చల్లగది అడిగాను, ఖర్చు అన్నారు. ఒకరోజు పెళ్లై పాతికేళ్లయిందని ఒక జంట వచ్చారు. ఆయన బ్యాంకులో గుమాస్తా, ఆమె టీచరు. ఏడాదిగా దాచుకున్న డబ్బుతో కార్డులో ఉన్న ఒక ఫ్రెంచి సీసా అడిగారు. దిగుమతి సుంకమే 150 శాతం, ఆపైన రాష్ట్రం పన్నులు, ఆపైన హోటల్ లాభం. వాళ్లకు ఆ సీసా ఒక నెల ఇంటి కిరాయి. తెచ్చి చూస్తే బిరడా మూతికి రెండు మిల్లీమీటర్లు పైకి లేచింది. లేబుల్ మీద జిగురు చార. పోస్తే అంచు ఇటుక రంగు, వాసన చూస్తే మాడిన జామ్. నేను వెనక్కి తీసుకెళ్లి ఇది వడ్డించనని చెప్పాను. వడ్డించాల్సిందే అన్నారు. వడ్డించలేదు. ఆ రాత్రి వాళ్లు స్వీట్ లైమ్ సోడా తాగి వెళ్లారు. ఆవిడ వెళ్తూ “పర్లేదు బాబూ” అన్నది ఇప్పటికీ గుర్తుంది. వాళ్లకు జరిగిన నష్టం ఒక సీసా కాదు, ఆ సాయంత్రం. ఆ నేలమాళిగలో చల్లటి ఇటుక గోడకు వీపు ఆనించి కూర్చున్నప్పుడు ఆ జంటే నా కళ్ల ముందు ఉన్నారు.

మన ఊళ్లో వ్యాపారి ఇలా దాచలేడు. తప్పు అతనిది మాత్రమే కాదు. తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలు, లైసెన్సు రెండేళ్లు, లాటరీలో ఎవరికి వస్తే వాళ్లకు. నేను లండన్‌లో ఉన్న రోజుల్లోనే ఇక్కడ కొత్త లాటరీకి దరఖాస్తులు నడుస్తున్నాయి. రుసుము రెండు లక్షలు ఉన్నది మూడు లక్షలు చేశారు, లాటరీ తగలకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. రెండేళ్లలో పెట్టుబడి రాబట్టుకుని లేచిపోవాల్సినవాడు ఇరవై ఏళ్లు పండాల్సిన సీసాను ఎందుకు దాస్తాడు? కొనేవాడి పేరు ఎందుకు గుర్తుపెట్టుకుంటాడు? అందుకే మన ‘వైన్స్’ బోర్డు కింద బీరూ విస్కీ ఉంటాయి, వైన్ పైఅరలో ట్యూబులైటు కింద దుమ్ము పట్టి నిలబడి ఉంటుంది.

తాగుడు వల్ల కూలిన ఇళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా దుకాణాల మీదికి వెళ్లింది ఊరికే కాదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు మా బార్ మూతపడింది, నన్ను కాఫీ షాపులోకి మార్చారు. 1997 దాకా కాఫీ కలిపాను. అప్పుడు నాకు కోపం రాలేదు, ఆ ఆడవాళ్ల బాధ నాకు తెలుసు. మా బస్తీలోనే చూశాను. నేను మెచ్చుకునే దుకాణం మనిషిని తాగించి పంపే చోటు కాదు. ఆ తరగతిలో మనిషికి పోసింది రెండు గుక్కలు, పక్కన నీళ్లు, ఉమ్మడానికి గిన్నె. గంటన్నరలో ఐదు వైన్లు, ఒక్క గొంతూ పెద్దది కాలేదు. మా ఊరి గౌండ్లాయన పొద్దుటి ఈత కల్లు దించి, “ఇది ఎండ ఎక్కకముందే తాగాలె, లేకుంటే పారబొయ్యాలె” అనేవాడు. సరుకు మీద ఆ శ్రద్ధ ఉన్నవాడు కల్లు అమ్మినా, క్లారెట్ వైన్ అమ్మినా నాకు ఒకటే.

కొనుగోలు సంగతి చెప్పాలి. సీసాలు కొనేది ఇప్పుడు మూడో నంబరులో కాదు, మలుపు తిరిగితే పాల్ మాల్ వీధి 63వ నంబరులో. 2017లో తెరిచిన కొత్త దుకాణం అది. ఖరీదైన బుర్గుండీలూ బోర్డోలూ ఉన్నాయి, ఒక్కొక్కటి మన జీతాలకు అందనివి. నేను మాత్రం వాళ్ల సొంత పేరు మీద అమ్మే ‘గుడ్ ఆర్డినరీ క్లారెట్’ అడిగాను. మంచి మామూలు క్లారెట్ అని అర్థం. పేరులో గొప్ప చెప్పుకోలేదు. క్లారెట్ అంటే బోర్డో ఎర్ర వైన్‌కి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరు. 1152 నుంచి 1453 దాకా మూడు వందల ఏళ్లు ఆ ప్రాంతం ఇంగ్లండు రాజుల చేతిలో ఉంది, వాళ్ల నాలుకకు ఆ రుచి అప్పుడే పట్టింది. ధర పదిహేను పౌండ్లలోపే. ఇన్నేళ్ల దుకాణాన్ని అంచనా వెయ్యాలంటే వాళ్ల ఖరీదైన సీసా చూడకూడదు, రోజువారీ సీసా చూడాలి. హోటల్ ఎట్లాంటిదో ఇడ్లీ చెప్తుంది.

విమానంలో మనిషికి రెండు లీటర్లు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండైతే సరిపోతాయి, మూడో దానికి పావు లీటరు ఎక్కువ. కౌంటర్లో ఉన్న కుర్రాడు ఎండ దేశానికి పోతున్నాయని తెలిసి, కాగితంలో చుట్టి అట్టపెట్టెలో పెట్టాడు. “మీ ఊళ్లో గది వేడి ఎంత?” అని అడిగాడు. అక్టోబరులో కూడా ముప్పై దాటుతుందన్నాను. అయితే తెరిచే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, గది ఉష్ణోగ్రత అని సీసా మీద రాసేది మా గది గురించి, మీది కాదు అన్నాడు. ఈ ఒక్క మాట మన హైదరాబాద్‌లో ఎర్ర వైన్ తాగే ప్రతి ఒక్కరూ రాసిపెట్టుకోండి.

వచ్చాక పాత స్నేహితులను ముగ్గురిని మా డాబా మీదికి పిలిచాను. ఒకాయన నాతోపాటు 1990లో చేరిన వంటమనిషి, ఒకాయన నిషేధం రోజుల్లో నాతో కాఫీ కలిపినవాడు, మూడో ఆయన మా ఊరి గౌండ్ల ఇంటివాడు. వంటాయన ఇంటి నుంచే రాయి మోసుకొచ్చాడు, వేడి రాయి మీద మాంసం కాల్చే పత్తర్ కా గోష్త్ కోసం. మాంసంలో మిరియం ఉంచి ఎండుకారం తగ్గించమని ముందే చెప్పాను, ఎందుకంటే కారం వగరును కరుకుగా చేస్తుంది. కారం కూరతో ఎర్ర వైన్ బాగోలేదని అనేవాళ్లు నిజమే చెప్తున్నారు. మాంసం కొవ్వు తగిలితే అదే వగరు మెత్తబడుతుంది.

సీసాను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీశాను. బిరడా నిక్కకుండా, తడి లేకుండా చక్కగా వచ్చింది. మా గౌండ్లాయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక గుక్క తీసుకుని, నాలుక అంగిలికి రాసి, “అల్లనేరేడు గదరా ఇది” అన్నాడు. నేను అతనికి తరగతి సంగతి చెప్పలేదు. ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

నలుగురికి నూట ఎనభై మిల్లీలీటర్ల చొప్పున వచ్చింది. తొమ్మిదింటికల్లా అందరూ ఇళ్లకు పోయారు. మా ఆవిడ రాయి కడిగి డాబా మీద బోర్లించింది. నేను బీరువాలోంచి బాపు చిట్టా తీశాను. ఆయన చివరిగా రాసిన పేజీ తర్వాత నలభై పేజీలు ఖాళీగా ఉన్నాయి. తేదీ వేసి, ఆయన వేసే తీరులోనే గీత కొట్టి రాశాను. క్లారెట్, రెండు సీసాలు, లండన్ మూడో నంబరు దుకాణం వారి దగ్గర. ఒకటి నలుగురం తాగినం. ఒకటి ఉన్నది.